నకలు వేరు, నకిలీ వేరు

తెలుగు పుస్తకం ఏది తీసినా లోపలి పేజీలో ప్రచురణ వివరాల దగ్గర ‘ప్రతులు: 1000’ అనో ‘ప్రతులు: 500’ అనో ఒక చిన్న వరస కనిపిస్తుంది. ఆ వెయ్యింటిలో అసలు పుస్తకం ఏదని ఎవరూ అడగరు, ఎందుకంటే వెయ్యీ అసలే. ‘ఒక్కొక్కటీ’ అనే అర్థంలో వాడే ‘ప్రతి’ అన్న మాటే ఇక్కడా ఉండడం ఎంతో చక్కగా అమరింది. చట్టం చెప్పేదీ దాదాపు ఇదే. 1872 నాటి సాక్ష్య చట్టమైనా, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమైనా, ఒకే పద్ధతిలో అచ్చయిన కాగితాల్లో ఏ ఒక్కటైనా మిగతావాటిలో ఏముందో చెప్పే ప్రాథమిక సాక్ష్యమే అంటాయి. అవన్నీ వేరే మూలాన్ని చూసి తీసినవైతే మాత్రం ఆ మూలం విషయంలో వాటికి అంత విలువ ఉండదు. ఒకదాన్ని చూసి మరొకటి చేయడమనే పనికి మన భాషలో ఒకటికి నాలుగు పేర్లున్నాయంటే దానికి కారణం ఉంది. రెండూ ఎంత పోలి ఉన్నాయన్నది తెలుగుకు ముఖ్యం కాదు. ఎందుకు చేశారు, ఏమని చెప్పి చేతిలో పెడుతున్నారు అన్నదాన్ని బట్టి మన భాష పేరు పెడుతుంది. ఆ తేడాను మనం ఇప్పుడు పోగొట్టుకుంటున్నాం.

‘ప్రతి’కి ఉన్న గౌరవం ఊరికే వచ్చింది కాదు. తాటాకు శాశ్వతం కాదు. పురుగు తింటుంది, చెమ్మకు చివుకుతుంది, అంచులు విరుగుతాయి. పాత ఆకులు పాడవకముందే ఎవరో ఒకరు గంటం పట్టి కొత్త ఆకుల మీదికి ఎక్కించాలి. నన్నయ చేతిరాత మనకు దక్కలేదు. దక్కిందల్లా ప్రతికి ప్రతి, దానికి మరో ప్రతిగా రాసుకుంటూ వచ్చిన లేఖకుల కష్టమే. ఉన్నది ఉన్నట్టు రాశాను, తప్పులుంటే నన్ను నిందించకండి అని గ్రంథం చివర విన్నవించుకోవడం ఆ లేఖకులకు ఆనవాయితీ. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ చేసిన మహోపకారమూ ఇదే. ఊరూరా తాళపత్రాలు సేకరించాడు. పండితులను కొలువులో పెట్టుకుని, ఒక ప్రతిని మరో ప్రతితో పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. చిత్తుప్రతి, శుద్ధప్రతి, రాతప్రతి, అచ్చుప్రతి అన్న మాటల్లో ఎక్కడా దొంగతనపు వాసన లేదు. ఆ పని జరగకపోతే తెలుగు సాహిత్యంలో ఎంత మిగిలేదో ఊహించడానికే భయమేస్తుంది.

‘నకలు’ కచేరీల్లో పెరిగిన మాట. అరబ్బీలో ‘నక్ల్’ అంటే ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం. ఉర్దూలో అది రాతను చేర్చడమైంది, మన దగ్గర నకలైంది. పహాణీ నకలు, దస్తావేజు నకలు, తీర్పు నకలు అంటే ఆఫీసు ముద్రతో, బాధ్యత గల అధికారి సంతకంతో వచ్చే కాగితాలు. తాను అసలును కానని నకలు తన ఒంటి మీదే రాసుకుని వస్తుంది. అందుకే దాన్ని నమ్ముతాం. తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టుకుంటే, అది తయారు కావడానికి పట్టిన రోజులను అప్పీలు గడువులోంచి మినహాయించాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతోంది. నకలుకు మన వ్యవస్థలో ఉన్న మర్యాద అది. మరి ‘నకిలీ’ కూడా అదే ధాతువులోంచి పుట్టింది కదా, తేడా ఎక్కడుంది అని ఎవరైనా అడగవచ్చు. పుట్టుక ఒకటే, నిజమే. కానీ మాట విలువ వాడుకలో తేలుతుంది. నకిలీ విత్తనాల ప్యాకెట్టు అసలు ప్యాకెట్టులాగే ఉంటుంది, కాకపోతే తానే అసలునని చెప్పుకుంటుంది. రైతు దుక్కి దున్ని, విత్తి, నెలల తరబడి ఎదురుచూశాక కాయ పట్టని చేనులో ఆ అబద్ధం బయటపడుతుంది. అచ్చతెలుగు ఇంకా సూటిగా ఆ వస్తువునే దొంగను చేసింది: దొంగనోటు, దొంగ సంతకం, దొంగ ఓటు.

ఇంగ్లీషు మాటలు వచ్చి అన్నీ కలిపేశాయని విచారించే వాళ్లున్నారు. ‘కాపీ’ విషయంలో ఆ విచారం అక్కర్లేదు. మనవాళ్లు క్రియతో ఆ తేడాను తిరిగి నిలబెట్టుకున్నారు. సర్టిఫికెట్టుకు కాపీ తీస్తాం, పరీక్షలో కాపీ కొడతాం. జేబులు కొట్టడం, కొట్టేయడం లాంటి వాడుకల్లో ఉన్న ‘కొట్టు’ ఇక్కడికీ వచ్చి కూర్చుంది. జిరాక్స్ కూడా తీయించేదే తప్ప కొట్టేది కాదు. ఎవరైనా తెలివి వాడకుండా ఎత్తి రాస్తే ‘మక్కీకి మక్కీ దించేశాడు’ అంటాం. మూలంలో ఈగ (హిందీలో ‘మక్కీ’) అంటుకుని ఉంటే, ఇంకో ఈగను పట్టి తెచ్చి నకలులో అతికించిన గుమాస్తా కథ ఆ మాట వెనక ఉంది. దారి తప్పిన తెలుగు మాట కూడా ఒకటుంది. పిల్లలకు అక్షరం గుండ్రంగా కుదరాలని బడిలో రాయించే ‘చూచిరాత’ను, పత్రికలు పరీక్షల్లో జరిగే మోసానికి పేరుగా వాడుతున్నాయి. మంచి పని పేరును చెడ్డ పనికి ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అసలు చిక్కంతా ‘డూప్లికేట్’తో. ఇంటికి రెండో తాళంచెవి డూప్లికేట్, బజారులో పేరున్న కంపెనీ బొమ్మ వేసి అమ్మే మాయసరుకూ డూప్లికేట్. సందర్భాన్ని బట్టి అర్థమవుతుందిలే అనేవాళ్ల మాట తాళంచెవి వరకు సరిపోతుంది. కానీ పదో తరగతి మెమో పోగొట్టుకున్న పిల్లవాణ్ణి తలుచుకోండి. పోలీసుల దగ్గర ఫిర్యాదు ఇచ్చి, రుసుము కట్టి, తిరిగి తిరిగి బోర్డు నుంచే మరో మెమో తెచ్చుకుంటాడు. దాని మీద ‘డూప్లికేట్’ అన్న ముద్ర ఉంటుంది. నకిలీ సర్టిఫికెట్ల వార్తలు తరచూ చదివే ఊళ్లో, ఆ ముద్ర చూడగానే ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చున్నాయన ఒక్క క్షణం ఆగుతాడు. ఏ తప్పూ చేయని వాడు ఆ క్షణంలో సంజాయిషీ చెప్పుకోవాలి. ఇక్కడ సందర్భం ఆదుకోలేదు, మాటే అడ్డుపడింది. వాడుకను ఎవరూ శాసించలేరని నాకూ తెలుసు. బజారులో డూప్లికేట్‌ను అలాగే ఉండనివ్వండి. ప్రభుత్వ కాగితం మీది ముద్ర మాత్రం బజారు వాడుక కాదు, దాన్ని మార్చడం ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. పరీక్షల బోర్డులకు, విశ్వవిద్యాలయాలకు మనవి ఒక్కటే: ఆ పిల్లవాడికి ఇచ్చే కాగితం మీద ‘రెండో ప్రతి’ అని ముద్ర వేయండి.