పిల్లల బెంగకీ ఉంది ఓ కొలత!

సోమవారం పొద్దున ఏడున్నర. మీరు టిఫిన్ బాక్సులు సర్దుతూ హడావుడిగా ఉంటారు. చట్నీ గిన్నె మూత బిగిస్తుండగా వెనకనుంచి "అమ్మా, కడుపునొప్పి" అంటుంది పిల్ల. ఆదివారం ఆ నొప్పి రాదు. దసరా సెలవుల్లో అసలే రాదు. బడి ఎగ్గొట్టడానికి వేషాలని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా చిన్నమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా మూడు నెలలు ఇదే వరస. వాము నీళ్లు తాగించాను. నులిపురుగుల మాత్ర వేశాం. మా అత్తగారు ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీశారు. స్కానింగ్ కూడా తీయించాం, ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే నటిస్తున్నట్టేగా అని దాన్ని గట్టిగా కసిరాను కూడా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చివరికి పిల్లల డాక్టరుగారు దానికో కాగితం, నాకో కాగితం ఇచ్చి, "ఒకరిది ఒకరు చూడకుండా నింపండమ్మా" అన్నారు. ఆ కాగితం సంగతే మీకు చెప్దామని కూర్చున్నాను.

ముందు ఒక మాట. ఆ కడుపునొప్పి అబద్ధం కాదు. భయం వేసినప్పుడు మన ఒళ్లు పరుగుకో, పోట్లాటకో సిద్ధమవుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమట పడతాయి, పేగుల్లో కదలిక మారిపోతుంది. పెద్దవాళ్లం "నాకు గాబరాగా ఉంది" అనగలం. పిల్లలకి ఆ మాట తెలీదు, "కడుపునొప్పి, తలనొప్పి, వాంతి వస్తోంది" అంటారు. అందుకే ఆందోళన మొదట కనపడేది పిల్లల డాక్టరు దగ్గరే.

మాకిచ్చిన కాగితం పేరు 'స్కేర్డ్'. అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ డాక్టరు బోరిస్ బిర్మాహర్, ఆయనతో పనిచేసినవాళ్లు కలిసి 1997లో తయారుచేశారు. మొదట 38 ప్రశ్నలుండేవి, 1999లో 41 చేశారు. 8 నుంచి 18 ఏళ్ల పిల్లలకి పనికొస్తుంది. గడిచిన 3 నెలల్లో ఎలా ఉందో చూసుకుని జవాబివ్వాలి. ఒక్కో ప్రశ్నకి మూడే జవాబులు: అస్సలు లేదంటే 0, అప్పుడప్పుడు ఉంటే 1, తరచుగా ఉంటే 2. పిల్లలకో కాగితం, తల్లికో తండ్రికో ఇంకోటి. ప్రశ్నలు మాత్రం రెండింట్లో అవే.

అడిగేవన్నీ మనింట్లో రోజూ జరిగేవే. ఒంటరిగా పడుకోడానికి భయమా, అమ్మానాన్నలకి ఏదన్నా అవుతుందని బెంగా, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నోరు పెగలదా, ఊపిరాడనట్టు ఉంటుందా, జరగబోయేవాటి గురించి ఊరికే మథనపడుతుందా... ఇలాగ. వీటిని ఐదు కుప్పలుగా విడదీస్తారు. ఒంట్లో కనపడే గాబరాకి 13 ప్రశ్నలు, అన్నిటికీ ఆదుర్దా పడటానికి 9, అమ్మని వదలలేని బెంగకి 8, నలుగురిలో బిడియానికి 7, బడి తప్పించుకోడానికి 4. అన్నీ కలిపి 25 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆందోళన జబ్బు ఉండే అవకాశం ఉందని, 30 దాటితే ఆ అనుమానం ఇంకా గట్టిదని లెక్క. బడి తప్పించుకునే కుప్పలో 3 వచ్చినా చాలు, ఆగి చూడాల్సిందే.

ఇక మా ఇంటి లెక్క వినండి. నేను నింపినదానికి 14 వచ్చింది. మా అమ్మాయి నింపినదానికి 33!

డాక్టరుగారు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. బడి తప్పించుకునే ప్రశ్నల్లో నాది 5, దానిది 6, పెద్ద తేడా లేదు. కానీ నలుగురిలో బిడియానికి నేను 3 వేస్తే అది 12 వేసుకుంది. ఇంట్లో అది వాగుడుకాయ. అక్కతో పోట్లాట, నాతో వాదన. దానికి బిడియమేమిటి? అడగ్గా అడగ్గా బయటపడింది. ఆ ఏడాదే తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మార్చాం. రోజూ మొదటి పీరియడ్‌లో ఒకరిని లేపి పాఠం పైకి చదివిస్తారట. దీని వంతు వచ్చినప్పుడు ఏదో మాట తప్పు పలికితే క్లాసంతా నవ్వారట. అంతే, అప్పట్నుంచి పొద్దున లేవగానే కడుపులో మెలి. మూడు నెలలు నాతో ఒక్క మాట అనలేదు. కాగితం మీద మాత్రం 2 చుట్టూ సున్నా చుట్టింది.

తల్లి లెక్కా పిల్లల లెక్కా ఇలా తేడా రావడం చాలా మామూలట. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. అల్లరి, కోపం మన కంటికి కనపడతాయి గానీ బెంగ లోపలే ఉంటుంది. అందుకే రెండు కాగితాలు. "పిల్లకి ఏం తెలుసండీ, నేను చెప్తాను" అని రెండూ మనమే నింపేస్తే ఇక దాని ప్రయోజనమే లేదు. అయితే 8 నుంచి 11 ఏళ్లవాళ్లకి మాత్రం పెద్దవాళ్లొకరు పక్కన కూర్చుని అర్థంకాని ప్రశ్న విడమర్చి చెప్పాలి. జవాబు అందించకూడదు!

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో సూసన్ స్పెన్స్ గారు 1998లో తెచ్చిన కొలతలో 44 ప్రశ్నలుంటాయి. అందులో 6 ఊరికే పిల్లల మనసు తేలికపడటానికి పెట్టినవి, వాటికి మార్కులుండవు. నాకది భలే నచ్చింది. కాస్త పెద్దపిల్లలకి 2006లో వచ్చిన 'జీఏడీ-7' కూడా వాడుతున్నారు. రెండు వారాల సంగతి, 7 ప్రశ్నలే, మొత్తం 21కి 10 వస్తే వివరంగా చూడాలంటారు. అమెరికాలో 2022 అక్టోబరులో అక్కడి నిపుణుల బృందం ఒకటి, ఏ లక్షణాలూ కనపడకపోయినా సరే 8 నుంచి 18 ఏళ్ల పిల్లలందరికీ ఇలా ఆందోళన పరీక్ష చెయ్యడం మంచిదని చెప్పింది. అంతకన్నా చిన్నవాళ్ల విషయంలో మాత్రం ఎటూ తేల్చలేదు.

ఇదంతా చదివి, ఎక్కడన్నా ప్రశ్నలు సంపాదించి మీరే మార్కులేసి "మా వాడికి జబ్బుంది" అని చుట్టాలందరికీ ఫోన్లు చేయకండి. ఇది జల్లెడ లాంటిది, అంతే. జల్లెడలో మిగిలిందంతా రాళ్లు కావు, ఒక్కోసారి మంచి గింజా మిగిలిపోతుంది. కిందకి దిగినదాంట్లో సన్నరాయీ ఉండొచ్చు. మార్కులు తక్కువొచ్చినా పిల్ల అన్నం మానేసి, నిద్ర మానేసి ఉంటే వదిలేయకూడదు. ఎక్కువొస్తే డాక్టరు కూర్చుని మాట్లాడి తేల్చాలి. థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ ఉంటుంది, ఆయాసానికి పీల్చే కొన్ని మందులకీ ఉంటుంది. భాష సంగతి ఇంకొకటి. ఇంగ్లీషు ప్రశ్నని మక్కికిమక్కి తెలుగు చేస్తే పిల్లలు తెల్లమొహం వేస్తారు. "ఆందోళనగా ఉంటుందా" అంటే మా అమ్మాయికి ధర్నా గుర్తొచ్చిందట! "టెన్షన్‌గా ఉంటుందా" అనగానే అర్థమైంది.

మానసిక వైద్యుల దగ్గరికి అనగానే మా వాళ్లు "ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి" అన్నారు. నేను వినలేదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఈ విభాగం ఉంటుంది. బయటికెళ్లడం కుదరకపోతే 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ 14416 ఉంది. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు. పిల్లల నోట "చచ్చిపోవాలనుంది" అనే మాట ఒక్కసారి వచ్చినా ఏ కాగితం కోసమూ చూడొద్దు. ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లాలి.

మా అమ్మాయికి మందులు అవసరం పడలేదు. కొందరికి పడతాయి, అది డాక్టరు తేల్చాల్సిన సంగతి. దీనికి మెట్లు మెట్లుగా అలవాటు చేయించారు. మొదట అద్దం ముందు పైకి చదవడం, తర్వాత నా ముందు, తర్వాత ఇద్దరు స్నేహితురాళ్ల ముందు, ఆ తర్వాతే క్లాసులో నాలుగు లైన్లు. టీచరమ్మతో నేను మాట్లాడితే, వంతు ముందురోజే చెప్తానన్నారు పాపం. బడి మాన్పించకూడదన్నది మాత్రం గట్టి షరతు. మానేసినకొద్దీ భయం పెరుగుతుందట. నాలుగు నెలల తర్వాత మళ్లీ నింపిస్తే 33 కాస్తా 19 అయింది.

ఇప్పుడది ఇంటర్. పరీక్షల రోజుల్లో ఇంకా ఒక్కోసారి కడుపునొప్పి అంటుంది. ఆ సంగతి నాకూ తెలుసు, దానికీ తెలుసు. వాము నీళ్లిస్తాను. తాగేసి బస్సెక్కుతుంది.