జైల్లో పనిచేస్తూ దెబ్బ తగిలితే నష్టపరిహారం వస్తుందా?

పోయిన వారం ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. "అన్నా, మా నాన్న జైల్లో వడ్రంగి షెడ్డులో పనిచేస్తూ రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. బయట ఫ్యాక్టరీలో అయితే డబ్బులిస్తారు కదా, మాకు రావా?" అని. ప్రశ్న చిన్నదే, జవాబే కాస్త చిక్కుగా ఉంటుంది.

ముందు బయట సంగతి చూద్దాం. పనిలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం కట్టాలని 1923లోనే చట్టం వచ్చింది. యజమాని తప్పు చేశాడని నిరూపించక్కర్లేదు. ఇప్పుడా రూల్స్ 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి.

మరి ఖైదీకి? ఈ చట్టం నిలబడిందే యజమాని, ఉద్యోగి అనే సంబంధం మీద. కఠిన కారాగార శిక్ష పడినవాళ్లు ఒప్పందం మీద పనిచేయరు, శిక్షలో భాగంగా చేస్తారు. అందుకే "అసలు ఇతను ఉద్యోగేనా?" అన్న దగ్గరే కేసు ఆగిపోవచ్చు.

1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు ఖైదీలకు న్యాయమైన కూలి ఇవ్వాల్సిందే అంది. తిండి, బట్టల ఖర్చు అందులోంచి పట్టుకోవచ్చంది. బాగానే ఉంది. కానీ ఆ తీర్పు కూలి గురించి, పోయిన వేళ్ల గురించి కాదు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా రూల్స్‌లో 101వది మాత్రం సూటిగా చెప్తుంది: పనిలో గాయపడిన ఖైదీకి బయటి కార్మికుడికి తగ్గకుండా పరిహారం ఉండాలి. అయితే అది మార్గదర్శకమే, మన చట్టం కాదు.

అంటే దారి లేదా? ఉంది. 226వ అధికరణం కింద హైకోర్టుకి వెళ్లొచ్చు. 1993లో నీలబతి బెహరా కేసులో, కస్టడీలో కొడుకుని పోగొట్టుకున్న తల్లికి సుప్రీంకోర్టు లక్షన్నర ఇప్పించింది. కాకపోతే ఇక్కడ అధికారుల నిర్లక్ష్యం చూపించాలి. మెషీన్‌కి గార్డు లేదా? పని నేర్పకుండానే దాని దగ్గర నిలబెట్టారా?

అందుకే ఈ మూడు పనులు వెంటనే చెయ్యండి. గాయం ఎలా అయిందో జైలు డాక్టర్ రికార్డులో రాయించుకోవాలి. సూపరింటెండెంట్‌కి అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లాలి. కస్టడీలో ఉన్నవాళ్లకి, ఆదాయం ఎంతున్నా, 1987 చట్టం ప్రకారం లాయర్ ఉచితం. హెల్ప్‌లైన్ 15100.

ఆ చెల్లెలికి నేను చెప్పింది కూడా ఇదే: డబ్బు గ్యారంటీ అనను, కానీ కాగితం లేకపోతే అడిగే హక్కు కూడా జారిపోతుంది. మీకు తెలిసినవాళ్లెవరైనా ఇలాంటి ఇబ్బందిలో ఉంటే వాళ్లకి ఇది పంపండి. మళ్లీ కలుద్దాం.