సాఫ్ట్‌వేర్ సీ డ్రైవ్‌లో... మరి పాట ఎక్కడ?

ఇంట్లో మైకు పెట్టుకుని పాడేవాళ్లకైనా, పాడ్‌కాస్ట్ మొదలుపెట్టేవాళ్లకైనా మొదట వచ్చే సందేహం ఒకటే. ఈ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను సీ డ్రైవ్‌లో వేయాలా, డీలో వేయాలా? దీనికి జవాబు చిన్నదే. క్యూబేస్ అయినా, రీపర్ అయినా, ఆడాసిటీ అయినా సీలోనే ఉండనివ్వండి. తెరవగానే ప్రోగ్రామ్ డిస్క్ మీద నుంచి ర్యామ్‌లోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత దాని ఫైళ్లతో డిస్క్‌కు దాదాపు పని ఉండదు. రికార్డు బటన్ నొక్కింది మొదలు ఆపేదాకా డిస్క్ మీద పడే బరువంతా గొంతుది, వీణది, తబలాది. అందుకే ఆ ధ్వని ఏ డ్రైవ్‌లోకి వెళ్తోందో ముందు చూసుకోవాలి. చూస్తూ పోతే ఎన్నో విశేషాలు బయటపడతాయి.

◆ ఒక మైకు, ఒక ట్రాక్, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్. ఈ లెక్కన రికార్డు చేస్తే సెకనుకు 1,44,000 బైట్లు, నిమిషానికి 8.64 ఎంబీ. ఒకేసారి 24 మైకులు పెట్టినా సెకనుకు మూడున్నర ఎంబీ కూడా కాదు. ఒక్క ఫైలును వరసగా రాసుకుంటూ పోతే మామూలు హార్డ్ డిస్క్ సైతం సెకనుకు 100 ఎంబీకి పైగా రాస్తుంది. మరి హార్డ్ డిస్కుల కాలంలో పాట మధ్యలో ఎందుకు తెగిపోయేది?

డిస్క్‌కు వరసగా రాసే అవకాశం దొరకదు కనుక. 24 ట్రాకులంటే 24 ఫైళ్లు, 24 చోట్లు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు, చదివే రాసే హెడ్ కిందికి రావాలంటే సగటున సగం చుట్టు, అంటే 4.17 మిల్లీసెకన్లు ఆగాలి. హెడ్ అక్కడిదాకా జరగడానికి ఇంకో 9 మిల్లీసెకన్లు. ఒక్కో గెంతుకు 13 అనుకుంటే సెకనుకు 75 గెంతులకు మించి వేయలేదు. అదే డిస్క్ మీద విండోస్ అప్‌డేట్ దించుకుంటూ, యాంటీవైరస్ ఫైళ్లు తిరగేస్తూ ఉంటే ఆ 75లో పాటకు మిగిలేవి ఎన్ని? సిస్టమ్‌కు ఒక డిస్క్, ఆడియోకు వేరే డిస్క్ అని స్టూడియోలవాళ్లు పట్టుబట్టింది ఇందుకే. హార్డ్ డిస్క్ స్థానంలో వచ్చిన ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి ఈ నిరీక్షణ మిల్లీసెకన్ల నుంచి వాటిలో చిన్న భాగానికి పడిపోయింది.

◆ మన దగ్గర చాలామంది ఇక్కడే పొరబడతారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్లలో సీ, డీ, ఈ అని మూడు డ్రైవులు కనిపించడం మామూలే. చాలాసార్లు అవి ఒకే డిస్క్‌లో గీసిన మూడు హద్దులు మాత్రమే. విండోస్ సీలో ఉంది, పాట డీలో పడుతోంది అని మనం నిశ్చింతగా ఉంటాం. లోపల అదే హెడ్ సీ నుంచి డీకి, డీ నుంచి సీకి పరుగులు పెడుతూ ఉంటుంది. హార్డ్ డిస్క్ అయితే ఇలా విడగొట్టడం వల్ల హెడ్ తిరగాల్సిన దూరం పెరుగుతుంది కూడా. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే నిజం తెలుస్తుంది. డిస్క్ 0 ఒక్కటే కనబడితే మీకున్నది ఒక్క డిస్కే. డిస్క్ 1 కూడా ఉంటే రెండోది నిజంగా ఉన్నట్టు.

◆ గ్రామఫోన్ రికార్డు బయటి అంచున మొదలై లోపలికి పోతుంది. సీడీ లోపల మొదలై బయటికి వస్తుంది. హార్డ్ డిస్క్ ఈ విషయంలో గ్రామఫోన్ పక్షం. బయటి చుట్టు పొడవు ఎక్కువ కనుక ఒక్క తిరుగుడులో హెడ్ కిందుగా ఎక్కువ సమాచారం పోతుంది, వేగమూ అక్కడే ఎక్కువ. మొదటి భాగంగా ఉండే సీ మామూలుగా ఆ వేగమైన అంచునే ఆక్రమిస్తుంది. చివరి భాగంలో రికార్డు చేస్తే నెమ్మదైన లోపలి చుట్లే దక్కుతాయి. ఎస్‌ఎస్‌డీకి అంచూ లేదు, మధ్యా లేదు.

◆ అక్షరాలు సీతో ఎందుకు మొదలవుతాయంటే, ఏ, బీలను ఫ్లాపీలకు కేటాయించారు కాబట్టి. ఫ్లాపీలు పోయాయి, అలవాటు ఉండిపోయింది.

◆ 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంతో హార్డ్ డిస్క్ వాడుకలోకి వచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50, బరువు టన్నుకు పైమాటే. దాని సామర్థ్యం 50 లక్షల అక్షరాలు. నేటి లెక్కలో 3.75 ఎంబీ. సీడీ నాణ్యతలో స్టీరియో పాటను అందులో దాచబోతే 21 సెకన్లకే నిండిపోతుంది. పల్లవి పూర్తయితే గొప్ప.

◆ సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 నమూనాలు. ఈ విడ్డూరమైన అంకె వెనక ఉన్నది వీడియో టేపు. అంత సమాచారాన్ని అలవోకగా రాసుకోగల చవకైన డిస్కులు అప్పట్లో లేవు. అందుకని డిజిటల్ ధ్వనిని వీడియో రికార్డర్లలోకి ఎక్కించారు, టీవీ చిత్రంలోని గీతల్లో దాచారు. అమెరికా, జపాన్ పద్ధతిలో సెకనుకు 60 ఫీల్డులు, ఒక్కో దానిలో 245 గీతలు, గీతకు 3 నమూనాలు: గుణిస్తే 44,100. మన దేశమూ పాటించిన పాల్ పద్ధతిలో 50 ఫీల్డులు, 294 గీతలు, 3 నమూనాలు: మళ్లీ 44,100. రెండు ప్రపంచాలకూ సరిపోయిన ఆ అంకె సీడీకి స్థిరపడి, నేటికీ మన సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో కూర్చుంది.

◆ హార్డ్ డిస్క్ మీద అరిస్తే ఏమవుతుంది? 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డేటా సెంటర్‌లో డిస్కుల వరుసకు నోరు దగ్గర పెట్టి గట్టిగా అరిచి చూపించారు. ఆ క్షణంలోనే డిస్కులు జవాబివ్వడానికి పట్టే సమయం గ్రాఫులో నిటారుగా లేచింది. కంపనానికి హెడ్ తన గాడి మీద నిలవలేకపోయింది. డ్రమ్ములు మోగే గదిలో, స్పీకరును ఆనించి హార్డ్ డిస్క్ పెట్టేవారు ఆ వీడియో ఒకసారి చూడాలి.

దీనికి మించిన కథ ఇంకోటుంది. మైక్రోసాఫ్ట్‌కు చెందిన రేమండ్ చెన్ 2022లో బయటపెట్టారు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఒక కంపెనీ ల్యాప్‌టాపులు జానెట్ జాక్సన్ ‘రిథమ్ నేషన్’ వీడియో వేస్తే చాలు, ఆగిపోయేవి. పోటీ కంపెనీల ల్యాప్‌టాపులు కొన్నీ అంతే. ఒక ల్యాప్‌టాపులో పాట వేస్తే, ఏ పాటా వేయని పక్క ల్యాప్‌టాపు కూడా ఆగిపోయింది! ఆ పాటలోని ఒక స్వరం, వాటిలో వాడిన నిమిషానికి 5,400 చుట్ల హార్డ్ డిస్క్ సహజ కంపనంతో కలిసింది. 1989 నాటి పాట డిస్కును వణికించింది. తయారీదారు ఆ పౌనఃపున్యాన్ని వడకట్టే ఫిల్టరును ధ్వని దారిలో పెట్టి సమస్య తీర్చారు. కంప్యూటర్ భద్రతా లోపాల అధికారిక జాబితాలో కూడా ఈ పాటకు ఒక నంబరు దక్కింది. డిస్క్ మన సంగీతాన్ని మోయడమే కాదు, వింటుంది కూడా అని నాకు బలంగా అనిపించేది ఈ ఉదంతంతోనే.

◆ వినిపిస్తుంది కూడా. 7,200 చుట్లను 60తో భాగిస్తే సెకనుకు 120. అంటే ఆ డిస్క్ 120 హెర్ట్జ్ దగ్గర సన్నగా హోరు పెడుతుంది. 5,400 డిస్క్ అయితే 90 హెర్ట్జ్. మగవారి గొంతు కింది భాగం ఉండేదీ ఆ చుట్టుపక్కలే కనుక దాన్ని తీసేయబోతే గొంతులోని బరువు కూడా పోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని హోరు ఎక్కువగా 50, 100 దగ్గర ఉంటుంది. రికార్డింగులో 100 దగ్గర గుబ్బ కనిపిస్తే వైరింగును, 120 దగ్గర కనిపిస్తే పక్కనున్న డిస్కును అనుమానించవచ్చు. ఇంటి స్టూడియోకు ఎస్‌ఎస్‌డీ కొనడానికి, వేగం కంటే ఈ నిశ్శబ్దమే పెద్ద కారణం అంటాను.

◆ పియానో, వయొలిన్ల శబ్దాలను అమ్మే శాంపిల్ లైబ్రరీలు పదుల జీబీలు ఉంటాయి. అంత ర్యామ్ అందరికీ ఎక్కడిది? 1998లో వచ్చిన గిగాశాంపిలర్ దీనికి దారి చూపింది. ప్రతి స్వరం మొదటి తునకను మాత్రమే ర్యామ్‌లో పెట్టుకుంటుంది. మీట నొక్కగానే ఆ తునక మోగుతుంది, అది అయిపోయేలోపు మిగతాది డిస్క్ నుంచి వచ్చి అందుకుంటుంది. కాంటాక్ట్ వంటి నేటి సాఫ్ట్‌వేర్ నడిచేదీ ఈ ఉపాయంతోనే. ఇక్కడ మాత్రం డ్రైవ్ ఎంపిక నిజంగా లెక్కలోకి వస్తుంది. ప్రోగ్రామ్ సీలో ఉన్నా, లైబ్రరీని వేరే ఎస్‌ఎస్‌డీలో పెట్టి దారి చూపిస్తే చాలు. అది సాటా రకమైనా సెకనుకు 500 ఎంబీ దాకా ఇస్తుంది.

◆ ఎస్‌ఎస్‌డీ వేసినా హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు ఆలస్యంగానే వినిపిస్తోందేం అని అడిగేవారున్నారు. ఆ ఆలస్యానికీ డ్రైవుకూ సంబంధం లేదు. అది బఫరు, డ్రైవర్ సాఫ్ట్‌వేర్, ప్రాసెసర్ల వ్యవహారం. 48 కిలోహెర్ట్జ్‌లో 128 నమూనాల బఫరు అంటే 2.67 మిల్లీసెకన్లు, 1,024 అయితే 21కి పైన.

◆ కచేరీ మొత్తం ఆపకుండా రికార్డు చేసేవారు జాగ్రత్త పడాల్సిన సంగతి. 1991లో రూపొందిన వేవ్ ఫైలులో పరిమాణం రాసుకునే గడి 32 బిట్లే. అందుకే 4 జీబీ దాటితే దానికి లెక్క తెలియదు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ స్టీరియోలో ఆ హద్దు సుమారు 2 గంటల 4 నిమిషాలకు వస్తుంది. రాగం తానం పల్లవి మధ్యలో పడవచ్చు! 48కి దిగితే నాలుగు గంటలు దాటి దొరుకుతుంది. ఆర్‌ఎఫ్64 రకం ఫైలును ఎంచుకుంటే ఈ బెడదే లేదు. డ్రైవు ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే మాత్రం ఏ ఫైలైనా 4 జీబీ దగ్గర ఆగాల్సిందే. కొత్త ఆడాసిటీ అయితే ఫ్యాట్ డ్రైవు మీద ప్రాజెక్టును దాచనే దాచదు. ప్రాజెక్టు మొత్తం ఒకే పెద్ద ఫైలుగా ఉంటుంది కాబట్టి. విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్, వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌ల కంప్యూటర్ల మధ్య తిరిగే డ్రైవుకు ఎక్స్‌ఫ్యాట్ వాడండి.

◆ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తోడుగా వేసుకునే వీఎస్‌టీ3 ప్లగిన్లకు విండోస్‌లో నిర్ణీతమైన ఇల్లు ఉంది: సీ డ్రైవులో ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల కామన్ ఫైల్స్. వాటిని డీకి తరలించి స్థలం మిగుల్చుకుందామనుకోవడం కంటే, వాటి శాంపిళ్లను తరలించడం మేలు.

◆ చాలా కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ ఫోల్డరు వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉంటుంది. కొత్త ప్రాజెక్టు అక్కడే తెరుచుకుంటే, మీరు పాడుతూ ఉండగానే ఆ ఫైళ్లు క్లౌడ్‌కు ఎక్కడం మొదలవుతుంది. క్లౌడ్‌కు సంబంధం లేని ఫోల్డరు ఒకటి వేరుగా పెట్టుకోండి. బయటి డ్రైవు వాడితే దానికి ఎం, ఎస్ వంటి దూరపు అక్షరం స్థిరంగా ఇవ్వండి. నిన్న ఈ, ఇవాళ ఎఫ్ అయిందంటే ప్రాజెక్టు తన ఫైళ్లను తనే కనుక్కోలేదు.

◆ రాసీ రాసీ ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని భయపడేవారి కోసం ఒక లెక్క. 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు చాలావాటికి 600 టీబీ రాతల దాకా హామీ ఇస్తారు. రోజూ 8 గంటలు, 24 ట్రాకులు, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే రోజుకు 100 జీబీ. ఆ వేగంతో హామీ హద్దు చేరడానికి పదహారేళ్లు పడుతుంది.

◆ ల్యాప్‌టాపులో ఒక్క ఎస్‌ఎస్‌డీ మాత్రమే ఉంటే విండోస్, సాఫ్ట్‌వేర్, పాట అన్నీ అందులోనే ఉంచవచ్చు. ఇంట్లో పాడుకునేవారి ట్రాకుల లెక్కకు అది ఎంతో ఎక్కువ. కాస్త ఖాళీ మాత్రం వదలండి, నిండిపోయిన ఎస్‌ఎస్‌డీ నెమ్మదిస్తుంది. రెండో డ్రైవుకు డబ్బు కూడినప్పుడు దాన్ని వేగం కోసం కొనకండి, నకలు కోసం కొనండి. పాత యూఎస్‌బీ 2.0 కూడా సిద్ధాంతంలో సెకనుకు 60 ఎంబీ మోస్తుంది. సాయంత్రం రికార్డు చేసిన ఫోల్డరును అందులోకి ఎక్కించడానికి అది చాలు. అమ్మమ్మ పాడిన మంగళహారతి రెండో టేక్ దొరకదు. రికార్డింగ్ అయిన రోజే ఆ ఫైలు రెండు డ్రైవుల్లో, వీలైతే వేరే ఇంట్లో మూడో డ్రైవులో ఉండాలి.