గదులొచ్చాయి, తెలుగు తరగతి నిలవాలి

మొన్నటిదాకా షోలాపూర్‌లోని మా వాడ మున్సిపల్ బడిలో రెండు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చునేవారు. మూడో తరగతికి ఎక్కాలు చెబుతుంటే నాలుగో తరగతి పిల్లలు గోడకేసి చూసేవారు. వానొస్తే వరండాలో కూర్చున్నవాళ్లు సంచులు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేవారు. ఇప్పుడు మేడ మీద ఆరు కొత్త గదులు లేచాయి. కట్టించింది ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ.

నేను బీడీలు చుడతాను. మా ఆయన సాంచాల మీద చద్దర్లు నేస్తాడు. చిన్న బిడ్డ అదే బడిలో నాలుగో తరగతి. రెండేళ్లుగా నేను బడి యాజమాన్య కమిటీలో ఉన్నాను. అక్కడ ఏం జరిగిందో మిగతా ఊళ్ల మనవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

కంపెనీ వాళ్లు మొదటిసారి వచ్చినరోజు అందరం దండం పెట్టడానికే సిద్ధమయ్యాం. మా కమిటీలో కాస్త చదువుకున్న తమ్ముడొకడు అసలు సంగతి చెప్పాడు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్లు, ఆపైన లాభం వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం పనులకు ఖర్చు పెట్టాలి. చదువు ఆ పనుల్లో ఒకటి. ఆ డబ్బు మన బడికే పెట్టాలని మాత్రం లేదు. అందుకని మర్యాదగానే మాట్లాడాం, కానీ అడగాల్సింది అడిగాం.

ఇంజనీరు సారు నక్షా పరిచాడు. కంప్యూటర్ గది ఉంది, హెడ్‌మాస్టర్ గది ఉంది. ఆడపిల్లలకు కొత్త మరుగుదొడ్లు లేవు. ఆరు గదుల్లో ఏదీ తెలుగు తరగతులకని రాసి లేదు.

"సారూ, మా తెలుగు పిల్లలు ఏడ కూసుంటరు?" అని మా పక్కింటి లక్ష్మక్క అడిగింది.

ఇంజనీరు హెడ్‌మాస్టర్ దిక్కు చూశాడు. "పిల్లలు తక్కువున్నరమ్మా, నలభై మంది కూడ లేరు. ముందు ముందు మరాఠీల కలిపేస్తరేమో" అన్నాడాయన, నెమ్మదిగా.

ఆ రాత్రి చాట ముందు కూర్చున్నానన్నమాటే గాని చేతులు ఆడలేదు.

మర్నాడు కమిటీ కూర్చుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కూడా ఆ కమిటీయే. టీచరుకొక గది, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు అదే చట్టంలో ఉన్నాయి. చిన్న తరగతుల్లో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలో 350ఏ అధికరణం చెబుతుంది. ఇవన్నీ మరాఠీలో అర్జీగా రాయించి, అందరం సంతకాలు పెట్టాం. లక్ష్మక్క వేలిముద్ర వేసింది.

నీళ్లతో సహా మరుగుదొడ్లు వచ్చాయి. ఇప్పుడు పెద్ద తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నమే ఇంటికి రావడం లేదు. స్లాబు పని సెలవుల్లోనే ముగించారు. తెలుగు తరగతులకు రెండు గదులని ప్రణాళికలో రాశారు.

పని కూడా మనవాళ్లకు దొరికింది. సాంచాలు ఆగి ఖాళీగా ఉన్న మగవాళ్లు, ఆకు తక్కువిస్తున్నందుకు ఇల్లు గడవని ఆడవాళ్లు కలిపి పదిమంది దాకా పోయారు. ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకోవాల్సింది. ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసినట్టు కాగితం ఉంటే భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించుకోవచ్చు. కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సు ఆ బోర్డుకే పోతుంది. మహారాష్ట్రలో బోర్డు కార్మికుల పిల్లలకు ఏడో తరగతి దాకా ఏడాదికి 2,500, ఎనిమిది నుంచి పది దాకా 5,000 రూపాయల చదువు సాయం ఉంది. ముకద్దం మొదట "కాగితం గీగితం లేదు పో" అన్నాడు. నలుగురం పోయి అడిగితే ఆరుగురికి ఇచ్చాడు. మిగతావాళ్లు హాజరు లెక్క రాసి పెట్టుకోలేదు. మీ ఊళ్లో పని మొదలైతే మొదటిరోజు నుంచే లెక్క రాసుకోండి.

ఇక నా దిగులు చెబుతాను. తెలుగు గదుల్లో ఒకదానికి తాళం పడి ఉంది. లోపల మిగిలిన సిమెంటు బస్తాలున్నాయి. తెలుగు టీచరమ్మ రిటైరయ్యాక ఆ చోటు ఖాళీగానే ఉంది. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని చట్టం చెబుతుంది. ఆ చట్టం చూపించి మళ్లీ అర్జీ పెట్టాం. పై ఆఫీసువాళ్లు అడిగేది ఒకటే, పిల్లలెంతమంది అని.

మన వాళ్లే "మరాఠీ వస్తే పని దొరుకుతుంది, తెలుగుతో ఏమొస్తది వదినె?" అంటారు. ఆ మాటలో తప్పు పట్టను. కానీ తెలుగు తరగతిలో మరాఠీ, ఇంగ్లీషు కూడా చెబుతారు. మొన్న కరీంనగర్ నుంచి పెళ్లిపత్రిక వస్తే మా అత్తమ్మకు చదివి వినిపించింది నా చిన్న బిడ్డ. మరాఠీ బడిలో చదివిన పెద్దోడికి అది చేతకాలేదు. అత్తమ్మ ఆ పత్రికను ఇంకా దిండు కింద పెట్టుకుంది.

జూన్‌లో బడి తెరుస్తారు. ఆరేళ్లు నిండిన పిల్లలుంటే తోలుకరండి. పుట్టిన సర్టిఫికెట్ లేదని ఆగకండి, ఆ ఒక్క కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని చట్టంలోనే ఉంది. మా కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. వచ్చే నెల ఆ తాళం ముందే కూర్చుందామనుకున్నాం. మీరూ రండి.