మద్రాసుకు ముందు దుగరాజపట్నం

గూడూరు దగ్గర జాతీయ రహదారి వదిలి బండిని తూర్పుకు తిప్పితే కోట, ఆ తర్వాత వాకాడు. వాకాడు దగ్గర స్వర్ణముఖి కనిపిస్తుంది. అక్కడి నుంచి వరి మళ్లు పలచబడి రొయ్యల గుంటలు మొదలవుతాయి. గుంటల్లో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటే పెదాలకు ఉప్పు తగులుతుంది. ఇంకా ముందుకు పోతే తాటిచెట్లు, సరుగుడు తోపులు, బకింగ్‌హామ్ కాలువ, ఆ వెనక సముద్రం. శనివారం బండికి గుడారం కట్టుకుని బయల్దేరే నెల్లూరు, చెన్నై కుర్రాళ్లు ఎక్కువగా మైపాడుకో తూపిలిపాళెంకో పోతారు. వాళ్లు దుగరాజపట్నం దాకా కూడా రావాలని నా కోరిక.

ఇక్కడ చూడటానికి కోటగోడ లేదు, టికెట్ కౌంటర్ లేదు. కానీ 1626లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు వచ్చి దిగింది ఈ తీరంలోనే. ఈ దేశంలో వాళ్లు కోట కట్టుకుని ఫిరంగులు నిలబెట్టుకున్న తొలి స్థావరాల్లో ఇదొకటి. తమకు సాయం చేసిన ఆరుముగ మొదలియారు పేరుమీద దీన్ని ఆర్మగాన్ అన్నారని చెబుతారు.

ఎందుకు వచ్చారో తెలియాలంటే బందరు సంగతి చెప్పుకోవాలి. 1611 నుంచి ఈ తీరంలో కంపెనీ వ్యాపారం ప్రధానంగా మచిలీపట్నంలో సాగేది. అక్కడ గోల్కొండ అధికారుల ఒత్తిడి. దక్షిణాన పులికాట్‌లో 1610లోనే డచ్చివాళ్లు అడుగుపెట్టి, 1613 నాటికి గెల్డ్రియా కోట కట్టుకున్నారు. తెలుగు, తమిళ నేతగాళ్ల బట్ట దొరికితేనే జావాలో మిరియాలు దొరుకుతాయి. ఆ బట్టకోసం ఇద్దరి పెత్తనానికీ దూరంగా ఉండే రేవు కావాలి. అలా వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ ఆగారు. ఎదురుగా సముద్రంలో నీటి అడుగున ఇసుక మెట్ట ఉంది. నావికుల పటాల్లో అది ఆర్మగాన్ షోల్. ఆ మెట్టకూ ఒడ్డుకూ నడుమ లంగరు వేసిన ఓడకు అలల నుంచి కొంత చాటు దొరుకుతుంది. ఒడ్డున పన్నెండు ఫిరంగులు పెట్టుకున్నారు.

అయినా నిలవలేకపోయారు. కావలసిన అద్దకం బట్ట ఇక్కడ సరిగా దొరకలేదు. ఇక్కడి వ్యవహారాలు చూసిన ఫ్రాన్సిస్ డే మరింత దక్షిణానికి పోయి వెతికాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి మద్రాసపట్నం దగ్గర చోటు సంపాదించాడు. 1640 ఫిబ్రవరిలో సామాను, సిపాయిలు ఇక్కడి నుంచి అక్కడికి తరలిపోయారు. సెయింట్ జార్జి కోట అలా లేచింది, మద్రాసు అలా పుట్టింది. ఏటా ఆగస్టు 22న మద్రాసు దినం జరుపుకునే ఊరికి, దాని తొలి అడుగు పడిన ఈ చోటు గుర్తున్నట్టు కనిపించదు.

గోడలు మిగిలిన కోటను మధ్యాహ్నం ఒక గంటలో చూసి రావచ్చు. దుగరాజపట్నంలో అలా కుదరదు. చూడాల్సింది గాలి, ఇసుక, నీళ్లు. అందుకు రాత్రి ఉండాలి. పగలు అందంగా కనిపించిన తీరం చీకటి పడ్డాక ఎంత బోసిగా, ఎంత దిక్కులేకుండా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. నాలుగు వందల ఏళ్ల కిందట ఇక్కడ కాపలా కాసిన మనుషులకు ఓడ రాక ఎంత అవసరమో కూడా అప్పుడే అర్థమవుతుంది. ఆర్మగాన్ పేరు మోస్తున్న లైట్‌హౌస్ ఇప్పటికీ ఈ తీరంలో ఉంది.

జనవరి నుంచి మార్చి వరకు మంచి రోజులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, అప్పుడు గుడారం మాట తలపెట్టొద్దు. ముందుగా మత్స్యకారుల పాళెంలో పెద్దలను కలిసి, మెరైన్ పోలీసులకు ఒక మాట చెప్పండి. దక్షిణాన శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం నిషేధిత ప్రాంతం కాబట్టి ఒడ్డు పట్టుకుని అటు పోకూడదు. మెత్తటి ఇసుకలో మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి పాతిపెట్టి తాళ్లు వాటికి కట్టాలి. సైడ్ స్టాండ్ కింద చెక్క ముక్క పెట్టకపోతే బండి పక్కకు ఒరుగుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి చైన్‌కు నూనె వేయాలి, లేదంటే ఉప్పు తినేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, సముద్రం వైపు దీపాలు వద్దు, మంటలు వద్దు. జనవరి నుంచి మార్చి వరకు ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు పాకుతాయి, మన దీపం వాటిని సముద్రానికి దూరం చేస్తుంది.

2014 విభజన చట్టంలో ఇక్కడ పెద్ద ఓడరేవు కడతామని, తొలిదశ 2018 చివరికి పూర్తి చేస్తామని రాశారు. రాలేదు. ఈమధ్య నౌకా నిర్మాణ కేంద్రం మాట వినిపిస్తోంది. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఈ ఊరున్న వాకాడు మండలం తిరుపతి జిల్లాలోకి పోయింది కూడా. ఏ జిల్లా అయినా కానివ్వండి, ఏ కట్టడమైనా రానివ్వండి, యంత్రాలు దిగేలోపు పురావస్తు శాఖ ఈ ఇసుకను ఒకసారి తవ్వి చూడాలి. ఆ కోట పునాది ఎక్కడుందో తేలాలి.

ఆదివారం తొందరగా గుడారం విప్పేసి సూళ్లూరుపేట మీదుగా పొండి. శ్రీహరికోట దారిలో అటకానితిప్ప దగ్గర, చలికాలమైతే పులికాట్ సరస్సులో రాజహంసలు కనిపిస్తాయి. పులికాట్ చుట్టూ బతికిన తెలుగువాళ్ల జీవితం తెలియాలంటే స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ సంచిలో పెట్టుకోండి. ఓపికుంటే సరస్సును చుట్టుకుని తమిళనాడు వైపు పులికాట్ ఊరికి పోవచ్చు. అక్కడ 17వ శతాబ్దం నాటి డచ్చి సమాధులకు కేంద్ర పురావస్తు శాఖ కాపలా పెట్టింది. గేటు దగ్గర చెక్కిన అస్థిపంజరాలు కూడా చెదరలేదు. అవి చూశాక ఆ శాఖకే దుగరాజపట్నం గురించి ఒక ఉత్తరం రాయండి. ముందు కనీసం ఒక బోర్డు అడగండి.