నల్ల విలన్ అందం!

సినిమాల్లో కొందరు విలన్లుంటారు. డైలాగు అక్కర్లేదు, వికటాట్టహాసం అక్కర్లేదు. వచ్చి నిలబడితే చాలు, హాలంతా గప్‌చిప్! కార్లలో అలాంటిది అమెరికా వారి బ్యూక్ గ్రాండ్ నేషనల్. రెండే తలుపులు, ఒళ్లంతా నలుపు. 'స్టార్ వార్స్' విలన్ పేరుతో దీన్ని 'డార్త్ వేడర్ కారు' అన్నారంటే ఊహించుకోండి! 2009లో వచ్చిన 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్'లో పెట్రోలు టాంకర్ల దోపిడీకి విన్ డీజిల్ నడిపిందీ ఇదే. జనగామ, మహబూబాబాద్ కుర్రకారుకు ఇది తెరమీద పరిచయమే.

ఇంతకీ దీని గొప్పేమిటి? టర్బో! భూపాలపల్లి వారికి చెప్పడం సులువు. పక్కనే చెల్పూరు థర్మల్ కేంద్రంలో ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది కదా? ఇక్కడ ఆ పని ఇంజను పొగ చేస్తుంది. వృథాగా పోయే పొగే చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజన్లోకి గాలి దట్టిస్తుంది. అందుకే 1987 మోడల్లో ఆరు సిలిండర్లకే 245 గుర్రాల బలం. ఆ ఏడాది ఎనిమిది సిలిండర్ల షెవర్లే కార్వెట్‌కు 240! 'జి.ఎన్.ఎక్స్.' అనే ప్రత్యేక రకమైతే 547 మాత్రమే చేశారు.

అయితే ఈ విలన్ మహా సుకుమారుడు! జోరుగా పరుగెత్తించి చటుక్కున ఆపేస్తే టర్బోలో ఆయిలు మాడి గట్టిపడుతుంది. కాసేపు ఊరికే ఆడనిచ్చి, అప్పుడు ఆపాలి. ఆ ఓపికున్న చేతుల్లో పడిన కారుకే ఆయుష్షు. కొత్త రంగు ఎవరైనా వేయిస్తారు. అసలు రంగు, అసలు ఇంజను నిలబెట్టుకోవడమే కష్టం. మేకప్ తీసినా మెరిసే తారలు ఎందరు చెప్పండి?