థాయ్ వంటింట్లో మావారు రోకలి పట్టిన వేళ

థాయిలాండ్ వెళ్ళొచ్చామని చెప్పగానే మగవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. ఆడవాళ్ళేమో "అక్కడ ఏం తిన్నారండీ, పాపం!" అని జాలిపడతారు. మొదటి సంగతి వదిలేద్దాం. రెండోదానికి మాత్రం తీరిగ్గా జవాబు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మేం శాకాహారులం. గ్రూపు టూర్లయితే మన వంటవాణ్ణి వెంట తీసుకెళ్ళి పప్పూ, పులుసూ పెడతారు, అదే మేలన్నారు మావారు. "24 ఏళ్ళుగా మీరూ నా చేతి వంటే, నేనూ నా చేతి వంటే. ఒక్క వారం ఇంకొకళ్ళు వండింది తిననివ్వండి" అన్నాను. "పస్తులుంటే నన్ననకు" అంటూ ఆవకాయ సీసా, అటుకులు, పులిహోర పొడి సర్దించారు.

ఆయన భయం కొట్టిపారెయ్యదగ్గది కాదు లెండి. మనం ఉప్పు వేసే చోట వాళ్ళు చేపలు ఊరవేసి తీసిన రసం వేస్తారు. దాని పేరు 'నాం ప్లా'. కూరల ముద్దల్లో 'కపి' అని రొయ్యల ముద్ద ఉంటుంది. పైకి అన్నీ కూరగాయలే కనిపిస్తాయి, లోపల ఇవి ఉంటాయి. అందుకని నాలుగు ముక్కలు నేర్చుకుని వెళ్ళండి. 'మై సై నాం ప్లా' అంటే చేప రసం వెయ్యొద్దని. శాకాహారానికి వాళ్ళ మాట 'మాంసవిరత్', మన మాంస విరతే! కాకపోతే అందులో గుడ్డు వేసే వీలుంది. అదీ వద్దనుకుంటే 'జే' అనాలి. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు రాసి ఉన్న కొట్టు చూసుకుని వెళ్ళండి. అక్కడ గుడ్డూ, పాలే కాదు, ఉల్లీ, వెల్లుల్లీ కూడా ఉండవు. కార్తీక మాసంలో మనింట్లో తిన్నట్టే.

ఏం మాట్లాడినా ఆడవాళ్ళు చివర 'ఖా' అనీ, మగవాళ్ళు 'ఖ్రప్' అనీ చేరుస్తారు. మన 'అండీ' అన్నమాట. ఎదురైతే 'కిన్ ఖావ్ రూ యాంగ్' అని పలకరిస్తారు, అంటే అన్నం తిన్నావా అని. ఈ ఒక్క మాటతో నాకు పరాయి దేశమన్న బెరుకు సగం పోయింది.

బాంకాక్‌లో మరకత బుద్ధుడి గుడి చుట్టూ మండపం గోడల నిండా రామాయణమే. వాళ్ళ హనుమంతుడు బ్రహ్మచారి కాదు సుమండీ, రావణుడి కూతురు మత్స్యకన్యను వరించాడు. మావారు లెంపలేసుకున్నారు.

అసలు సంగతి చియాంగ్ మాయ్‌లో. అక్కడ ఒక్కరోజు వంట తరగతులు చెబుతారు, ముందు బజారుకు తీసుకెళతారు. అక్కడ చూడాలి! దొండకాయ మనకు, దొండ ఆకు వాళ్ళకు. లేత చిగుళ్ళు చారులో వేసుకుంటారు. తూటికూర కట్టలు కట్టలు. అవిసె పువ్వులు, శంఖుపుష్పాలు, గుండ్రటి ఆకుపచ్చ వంకాయలు. ఇవన్నీ మన దొడ్లలో ఉన్నవే, మనం తినడం మానేశామంతే. తులసి ఆకులు గుప్పెళ్ళతో మూకుట్లో వేసి మాంసంతో వేయిస్తుంటే మాత్రం నేను మొహం తిప్పుకున్నాను. మిరియాన్ని వాళ్ళు 'ఫ్రిక్ థాయ్' అంటారు, అంటే థాయి మిరప. మిరపకాయ పోర్చుగీసువాళ్ళతో వచ్చింది కదా, అంతకుముందు కారమంటే మనకూ వాళ్ళకూ మిరియమే.

తరగతిలో పంతులమ్మ వంటల జాబితా చేతికిచ్చి "మీకేది ఇష్టమో ఎంచుకోండి" అంది. పిల్లలకేది ఇష్టమో, అత్తగారికేది పడదో, మావారు ఏ కూర మారు వడ్డించుకుంటారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నాకేది ఇష్టం? జాబితా పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. మీకైనా వెంటనే తడుతుందేమో చూసుకోండి. చివరకు పచ్చకూర, మామిడిపండుతో జిగురన్నం ఎంచుకున్నాను.

ఎవరి రోలు వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది. మావారు కూడా నూరారు. పావుగంటకే చెయ్యి మార్చుకున్నారు, చెమటలు పట్టాయి. కూర ఉడికాక గిన్నెలో పోసి ముందు నాకే ఇచ్చి, "ఉప్పు సరిపోయిందా?" అని నా మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. 24 ఏళ్ళుగా భోజనాల బల్ల పక్కన నిలబడి నేను చూసే చూపే అది. "బాగుంది" అన్నాను. నిజంగానే బాగుంది. ఆవకాయ సీసా మూత ఊడకుండానే ఇంటికొచ్చింది.

ఆ పచ్చకూర నలుగురికి సరిపడా ఇలా చెయ్యండి. పది పచ్చిమిర్చి, నాలుగు చిన్న ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రేకలు, రెండు నిమ్మగడ్డి కాడల అడుగు భాగం, అంగుళం దుంపరాష్ట్రం, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, నాలుగు మిరియాలు, నిమ్మకాయ పైచెక్కు తురుము కొద్దిగా. వీటితోపాటు కొత్తిమీర వేళ్ళు. మనం కోసి పారేస్తాం చూడండీ, అవే. బాగా కడిగి వెయ్యండి, వాసనంతా వాటిలోనే ఉంది. పచ్చి దుంపరాష్ట్రం దొరక్కపోతే అల్లం వెయ్యండి, రుచి మారుతుంది, తప్పదు. అన్నీ ఉప్పు వేసి మెత్తగా నూరాలి. మిక్సీలో అయితే నీళ్ళు పొయ్యకండి.

కొబ్బరికాయ తురిమి మొదటి చిక్కటి పాలు మూకుట్లో పోసి, నూనె తేలేదాకా కాచండి. వేరే నూనె అక్కర్లేదు. అందులో ముద్ద వేసి పచ్చివాసన పోయాక రెండోసారి తీసిన పాలు పోసి వంకాయ, బేబీకార్న్, బీన్స్ ముక్కలు ఉడికించండి. చేప రసం బదులు రెండు చెంచాల సోయా సాసు, చిన్న తాటిబెల్లం ముక్క. దించే ముందు సబ్జా మొక్క ఆకులు గుప్పెడు వేసి వేడన్నంలో పెట్టండి. మూత పెట్టి మరిగిస్తే పాలు విరుగుతాయి, తెరిచే ఉంచండి.

నిమ్మగడ్డి కోసం బజారు చుట్టూ తిరగక్కర్లేదు. వేరున్న కాడ ఒకటి నీళ్ళలో వారం ఉంచి కుండీలో పాతితే చాలు, మూడు నెలల్లో దుబ్బు కడుతుంది.